సముద్రపు మట్టి రసాయనంలో పోస్ట్‌డాక్: ప్రకటన చూశాను, ధైర్యం చాలడం లేదు

పొరలుపొరలు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విశాఖలో పీహెచ్‌డీ థీసిస్ సమర్పించి మూడు నెలలైంది. వైవా తేదీ ఇంకా రాలేదు. తూర్పు తీరంలో ఖండతీరపు అంచు మీద పేరుకున్న మట్టిలో సేంద్రియ కర్బనం, ప్రధాన మూలకాలు, రేణువుల పరిమాణం చూడడం నా పని. నిన్న మా సీనియర్ ఒకరు ఒక ప్రకటన పంపారు. ఉత్తర జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంలో రెండేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం), ఇంకో ఏడాది పొడిగించే అవకాశం ఉందట. బంగాళాఖాతం అడుగున గొట్టాలు దించి తీసిన మట్టి కోర్లలో, ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల పెంకుల మెగ్నీషియం–కాల్షియం, బేరియం–కాల్షియం నిష్పత్తులూ, మట్టి రేణువుల్లో నియోడిమియం ఐసోటోపులూ (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులు) కొలిచి, గత 25,000 ఏళ్లలో నైరుతి రుతుపవనం ఎలా మారిందో చెప్పాలి.

మొదటి పేజీ చదివి గంతులేశాను. రెండో పేజీ చదివి కూర్చుండిపోయాను. ఐసోటోపులను కొలిచే మల్టీకలెక్టర్ ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద స్వతంత్రంగా పనిచేసిన అనుభవం వాంఛనీయం అని ఉంది. ఆ యంత్రాన్ని నేను గాజు తలుపు ఇవతల నిలబడి చూశాను, అంతే. మా నమూనాలు వేరే ఊరికి పంపితే ఏడు నెలలకు ఎక్సెల్ ఫైలు వచ్చేది. ఈ అర్హతతో దరఖాస్తు పెడితే నవ్వుతారా? ఇంట్లో అడిగే ప్రశ్న వేరు: రెండు మూడేళ్లు అక్కడ చేసి వస్తే ఇక్కడ ఏముంటుంది?

ఉత్తరసముద్రం | సోమవారం, రాత్రి 11:15

నేను ఇక్కడ జర్మనీలోనే, ఇలాంటి ప్రయోగశాలలోనే రెండో పోస్ట్‌డాక్ చేస్తున్నాను. "వాంఛనీయం" వేరు, "తప్పనిసరి" వేరు. జర్మనీ ప్రకటనల్లో ఈ రెండు మాటలూ ఆచితూచి వాడతారు. తప్పనిసరి అన్న చోట ఏముందో చూడండి. సాధారణంగా సంబంధిత శాస్త్రంలో డాక్టరేటు, ఇంగ్లీషులో రాయగలగడం, ప్రయోగశాల రసాయనంలో అనుభవం అని ఉంటుంది. అవి మీకు ఉన్నాయి.

యంత్రం గురించి అంత దిగులు వద్దు. యంత్రం ముందు కూర్చునే సమయం పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా అంతకు ముందు పని. నియోడిమియం అయితే మట్టిలోని కార్బనేటును పలుచని ఆమ్లంతో తీసేయాలి, రేణువులకు పట్టిన ఇనుము–మాంగనీసు పూతను వదిలించాలి, మిగిలిన దాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించాలి. తర్వాత రెండు దఫాలు రెజిన్ కాలమ్‌ల గుండా చుక్కచుక్కగా దింపి, నియోడిమియాన్ని తోటి మూలకాల నుంచి విడదీయాలి. ఆ ఆమ్లంతో పరాచికాలు కుదరవు, పక్కనే కాల్షియం గ్లూకోనేట్ జెల్ పెట్టుకుని పనిచేస్తాం. నాకు ఇదంతా ఇక్కడి టెక్నీషియన్ ఒకావిడ మూడు వారాల్లో నేర్పింది. ఓపిక మాత్రం మనం తెచ్చుకోవాలి.

వైవా మాట ముందే రాయండి. నియామకం నాటికి డిగ్రీ చేతిలో ఉండాలంటారు చాలా చోట్ల. అంచనా తేదీ చెబితే సర్దుకునేవాళ్లున్నారు, దాచితే సర్దుకునేవాళ్లు లేరు.

తూకంరాయి | మంగళవారం, ఉదయం 7:05

అందరూ యంత్రం, జీతం, ఊరు అంటారు. నేను అడిగేది ఒక్కటే. ఏ కోర్?

బంగాళాఖాతం అడుగంతా ఒకేలా పరిచిన చాప కాదు. నదుల మట్టి విసనకర్రలా పరుచుకున్న బెంగాల్ ఫ్యాన్ మీద కాలువలు దారి మార్చుకుంటూ ఉంటాయి, బురద ప్రవాహాలు ఒక్క రోజులో అడుగుల మందం మట్టి తెచ్చి పోస్తాయి. అక్కడ తీసిన గొట్టంలో వెయ్యేళ్ల చరిత్ర వెతకడం, వరద వచ్చిన ఇంట్లో పాత ఉత్తరాలు తేదీల వరసలో దొరుకుతాయనుకోవడమే. మహానది ముందున్న వాలు మీద గానీ, అండమాన్ సముద్రంలో గానీ, నైంటీ ఈస్ట్ శిఖరశ్రేణి మీద గానీ తీసిందైతే మాట్లాడుకోవచ్చు. 2014 చివరలో బయల్దేరిన ఐఓడీపీ (అంతర్జాతీయ సముద్రపు డ్రిల్లింగు కార్యక్రమం) 353వ యాత్ర డ్రిల్లింగుకు ఎక్కువగా ఎంచుకున్నది అలాంటి చోట్లే. ఆ యాత్రలో మహానది ముందు తీసిన యూ1446 అనే కోర్ నుంచి దాదాపు 9 లక్షల ఏళ్ల రుతుపవనపు చరిత్ర రాశారు.

ప్రకటనలో కోర్ పేరు లేకపోతే ప్రొఫెసర్‌కు రాసి అడగండి. మట్టి వెయ్యేళ్లకు ఎన్ని సెంటీమీటర్లు పేరుకుంది, రేడియోకార్బన్ తేదీలు ఎన్ని ఉన్నాయి, ఏ రకం పెంకుల మీద చేశారు అని అడగండి. వెయ్యేళ్లకు 3 సెంటీమీటర్లే పేరుకున్న చోట పురుగులు మట్టిని కలియదున్ని పొరలన్నీ ఏకం చేసి ఉంటాయి. అలాంటి కోర్‌తో ఏ యంత్రమూ ఏమీ చేయలేదు.

పొరలుపొరలు | మంగళవారం, ఉదయం 8:30

ప్రకటన మళ్లీ చూశాను. రెండు కోర్లు: ఒకటి మహానది ముందుది, ఇంకొకటి గోదావరి ముఖద్వారం బయటిది. వివరాలేమీ ఇవ్వలేదు. పోస్ట్‌డాక్‌కు ఇంకా ఎంపిక కానిదాన్ని, ఇలా అడిగితే అహంకారం అనుకోరూ?

ఉత్తరసముద్రం | మంగళవారం, ఉదయం 11:50

అనుకోరు. మా గ్రూపుకు గత ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో చాలావాటిలో మా ప్రొఫెసర్ పేరు తప్ప మా పని గురించి ఒక్క ముక్క లేదు. అదే ఉత్తరం ఇంకెందరికి వెళ్లిందో కనిపిస్తూనే ఉంటుంది. కోర్ గురించి అడిగినవాళ్లు ఇద్దరే. ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచారు.

కోనసీమ కొబ్బరి | మంగళవారం, మధ్యాహ్నం 2:20

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని, ఈ శాస్త్రం రాదు. గోదావరి పేరు చూసి ఆగాను. సముద్రం అడుగున ఉన్న మట్టికి ఎప్పుడో కురిసిన వాన ఎలా గుర్తుంటుంది? ఎవరైనా నాబోటివాడికి అర్థమయ్యేలా చెబుతారా?

పొరలుపొరలు | మంగళవారం, సాయంత్రం 6:45

మాస్టారూ, ప్రయత్నిస్తాను. సముద్రం పై నీళ్లలో ఇసుక రేణువంత జీవులు తేలుతూ ఉంటాయి. ఒంటి మీద సున్నపు గుల్ల, అంటే పెంకు, ఉంటుంది. వీటినే ఫోరామినిఫెరా అంటాం. అవి చచ్చి అడుగుకు దిగుతాయి. వాటి మీద మట్టి, మళ్లీ గుల్లలు, మళ్లీ మట్టి. గుల్ల కట్టుకునేటప్పుడు నీళ్లు వెచ్చగా ఉంటే కాల్షియం చోట మెగ్నీషియం కాస్త ఎక్కువ చేరుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 9 శాతం చొప్పున. అంటే గుల్లే థర్మామీటరు. అదే గుల్లలో బరువైన ఆక్సిజన్ ఎంతుందో కూడా కొలుస్తాం. అది ఉష్ణోగ్రత మీదా ఆధారపడుతుంది, నీటి ఉప్పదనం మీదా ఆధారపడుతుంది, భూమ్మీద మంచు ఎంత గడ్డకట్టి ఉందన్న దాని మీదా ఆధారపడుతుంది. మెగ్నీషియంతో ఉష్ణోగ్రత తెలిసింది కనుక దాని వాటా తీసేస్తాం, మంచు వాటా తీసేస్తాం. మిగిలింది ఉప్పదనం. నదులు పొంగి మంచినీళ్లు ఎక్కువ వస్తే సముద్రం పైపొర చప్పబడుతుంది. నదినీటిలో బేరియం ఎక్కువ కాబట్టి గుల్లలో బేరియం కూడా నది పొంగిందని సాక్ష్యం చెబుతుంది.

నియోడిమియం వేరే కథ. అది వాన ఎంతో చెప్పదు, మట్టి ఎక్కడిదో చెబుతుంది. గోదావరి ఎగువన మహారాష్ట్రలో నల్లరేగడి పుట్టిన బసాల్టు రాయి ఉంది. దిగువన తూర్పు కనుమల్లో ఎంతో పాతకాలపు రాళ్లున్నాయి. రెండింటి నియోడిమియం ముద్రలూ బాగా వేరు. సముద్రంలో చేరిన మట్టిని కొలిస్తే ఏ కాలంలో ఎగువ మట్టి ఎక్కువ వచ్చిందో, ఎప్పుడు దిగువది ఎక్కువ వచ్చిందో తేలుతుంది.

కోనసీమ కొబ్బరి | మంగళవారం, రాత్రి 8:10

మూడు తెలియని రాశులు, రెండు తీసేస్తే మూడోది. ఇది నా భాషే! కానీ ఒక సమీకరణంలో తప్పుంటే మిగతావన్నీ తప్పు అవుతాయి కదా?

తూకంరాయి | మంగళవారం, రాత్రి 8:25

మాస్టారు పది మంది సమీక్షకుల పెట్టు. అవుతాయి. మెగ్నీషియంలో చిన్న పొరపాటు ఉప్పదనంలో పెద్ద పొరపాటై తేలుతుంది. గుల్ల లోపల ఇరుక్కున్న బంకమట్టి కణం చాలు, అందులోని మెగ్నీషియం మీకు లేని వేడిని చూపిస్తుంది. అందుకే గాజు పలకల మధ్య గుల్లల్ని చిట్లించి, నీళ్లతో, మెథనాల్‌తో మళ్లీ మళ్లీ కడుగుతాం. తర్వాత అల్యూమినియం కూడా కొలుస్తాం. అల్యూమినియం ఉందంటే మట్టి పోలేదని అర్థం, ఆ అంకెను పారేయాలి. పారేయడానికి మనసొప్పనివాళ్లు ఈ పనికి రావద్దు.

లాసన్స్‌బే తాతయ్య | బుధవారం, ఉదయం 5:30

సాగర కన్య మీద నేను వెళ్లినప్పుడు మీలో చాలామంది పుట్టి ఉండరు. 1983లో వచ్చిన పరిశోధన ఓడ అది. గ్రావిటీ కోరర్‌ను, అంటే బరువు కట్టిన గొట్టాన్ని, వదిలితే కిందికి చేరడానికే చాలాసేపు పట్టేది. పైకి వచ్చేటప్పుడు డెక్ మీద అందరమూ మూగేవాళ్లం. ఒకసారి ఆరు మీటర్ల గొట్టం ఖాళీగా వచ్చింది, కొసన గుప్పెడు ఇసుక. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

తల్లీ, నీకు ఒక సంగతి చెబుతాను, పేపర్లలో దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. బరువుతో దూసుకెళ్లే కోరర్ అడుగును తాకేటప్పుడు పైన జావలా ఉన్న మట్టిని చెదరగొడుతుంది. అంటే కోర్ పైకొస అంటే ఈనాటిది అనుకోకు. కొన్ని వందల ఏళ్లు ఎగిరిపోయి ఉండవచ్చు. అదే చోట మల్టీకోరర్‌తో గానీ బాక్స్ కోరర్‌తో గానీ పైపొర విడిగా తీశారా అని అడుగు. ఈనాటి పొర లేకపోతే మీ గుల్లల థర్మామీటరును ఈనాటి సముద్రంతో సరిచూసుకునేది దేనితో?

ఇంకో మాట. మన బనగానపల్లె పక్కన జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది, సుమారు 74,000 ఏళ్ల నాటిది. సుమత్రాలో పేలి అక్కడికి వచ్చి పడింది. అదే బూడిద బంగాళాఖాతపు కోర్లలోనూ కనిపిస్తుంది. మీ 25,000 ఏళ్ల లెక్కలోకి అది రాదు. అయినా చెప్పకుండా ఉండలేను. గొట్టంలో ఆ తెల్లటి చార కనిపించిన రోజు నేను ఇంటికి ఉత్తరం రాశాను.

పొరలుపొరలు | బుధవారం, ఉదయం 9:00

తాతయ్యగారూ, పైకొస గురించి నాకు చదువులో ఎవరూ ఇలా చెప్పలేదు. ఇప్పుడే రాసుకున్నాను.

కోనసీమ కొబ్బరి | బుధవారం, ఉదయం 10:40

గోదావరి ముందున్న కోర్ గురించి ఇప్పటికే ఎవరైనా ఏమైనా కనిపెట్టారా? మన నదే కదా, మనకు ఎవరూ చెప్పరేమిటి!

ఉత్తరసముద్రం | బుధవారం, మధ్యాహ్నం 1:15

కనిపెట్టారు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (సముద్రం అడుగున మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న ఇంధన వాయువు) కోసం మన దేశం చేయించిన తొలి డ్రిల్లింగు యాత్రలో గోదావరి ముందు తీసిన కోర్ ఒకటుంది. వెతికింది ఇంధనం కోసం, దొరికింది చరిత్ర కూడా. ఆ మట్టిలో చెట్ల ఆకుల మీది మైనం మిగిలి ఉంది. గడ్డిజాతి మొక్కలకూ చెట్లకూ ఆ మైనంలో కర్బన ఐసోటోపులు వేరుగా ఉంటాయి. 2012లో వచ్చిన పేపరు ప్రకారం సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహకంలో ఎండను తట్టుకునే మొక్కలు మెట్లుమెట్లుగా పెరిగాయి. అంటే దక్కను ఎండిపోతూ వచ్చింది.

కోనసీమ కొబ్బరి | బుధవారం, మధ్యాహ్నం 3:05

జొన్నా, సజ్జా, కొర్రా కూడా గడ్డిజాతే కదండీ? అడవి కొట్టి జొన్న వేస్తే మీ మైనం "వాన తగ్గింది" అని చెప్పదా?

తూకంరాయి | బుధవారం, మధ్యాహ్నం 3:20

ఈ ప్రశ్న వేయడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఈయన రెండు రోజుల్లో వేశారు.

ఉత్తరసముద్రం | బుధవారం, రాత్రి 10:30

నిజమే, అసలు గొడవ అక్కడే ఉంది. జొన్న, సజ్జ, కొర్ర మూడూ ఎండను తట్టుకునే సీ4 రకమే, వరి మాత్రం చెట్లలాగే సీ3. అయితే ఆ కాలంలో జనం ఎంత, పొలం ఎంత? దక్కనులో నాలుగైదు వేల ఏళ్ల కిందటే పశువుల మందలూ చిరుధాన్యాలూ ఉన్నాయి. పాలమూరు వైపు ఉట్నూరులో (ఆదిలాబాదుది కాదు) తవ్విన, పశువుల పేడ కాలి ఏర్పడిన బూడిద దిబ్బ ఆ మందలకు సాక్ష్యం. అయినా అంత పెద్ద పరీవాహకపు పచ్చదనాన్ని వాళ్లొక్కరే మార్చగలిగారంటే నేను నమ్మను. నా మటుకు వాన తగ్గిందనే అనుకుంటాను.

తూకంరాయి | బుధవారం, రాత్రి 11:10

నమ్మకాలు వేరు, కొలతలు వేరు. అదే ప్రాంతపు మట్టిలో నియోడిమియం చూసి 2017లో ఇంకో పేపరు వచ్చింది. చివరి కొన్ని వేల ఏళ్లలో కోత విపరీతంగా పెరిగి, బసాల్టు నేల మట్టి సముద్రంలోకి ఎక్కువగా వచ్చిందని అందులో తేలింది. ఎండుదనం ఒక్కటే కారణం కాదు, నేల మీది పచ్చదనం పోవడం, దాంట్లో మనిషి చెయ్యి ఉండడం కూడా అన్నారు. వాన తగ్గినప్పుడు మట్టి ఎక్కువ రావడం వింతగా లేదూ? చెట్టు లేని నేల మీద తక్కువ వానైనా ఎక్కువ మట్టిని లాక్కెళుతుంది.

పొరలుపొరలు గారూ, మీ దరఖాస్తు ఇక్కడుంది. వాన నుంచి మనిషిని ఎలా వేరు చేస్తారు? మైనం ఒక్కటే ఉంటే చేయలేం. గుల్లల్లోని బేరియం, ఉప్పదనం నీటి సంగతి చెబుతాయి, నియోడిమియం మట్టి సంగతి చెబుతుంది. రెండూ ఒకే సెంటీమీటరులో కొలిస్తే, మట్టి మారి నీళ్లు మారని కాలం ఏదైనా కనిపిస్తే, అక్కడ మనిషిని అనుమానించవచ్చు. ఆ ప్రకటన రాసినవాళ్లు ఈ రెండింటినీ కలిపి అడిగింది ఊరికే కాదు.

పొరలుపొరలు | గురువారం, ఉదయం 6:20

రాత్రి నిద్ర పట్టలేదు. నా థీసిస్‌లో పనికిరాదనుకున్న ఒక అధ్యాయం ఉంది. గోదావరి ముందున్న తీరపు అంచు మట్టిలో టైటానియం–అల్యూమినియం నిష్పత్తి, రేణువుల పరిమాణం. బసాల్టులో టైటానియం ఎక్కువ. అంటే నేను ఐసోటోపు లేకుండానే ఇదే ప్రశ్న చుట్టూ తిరిగానన్నమాట. పైగా అది ఈనాటి పైపొర మట్టి. తాతయ్యగారు చెప్పిన ఎగిరిపోయిన పైకొస!

లాసన్స్‌బే తాతయ్య | గురువారం, ఉదయం 6:35

దరఖాస్తులో అదే రాయి, తల్లీ. యంత్రం రాదని మొదటి పేరాలో రాయకు.

అట్లాంటిక్ అవతల | గురువారం, రాత్రి 7:50

ఇంట్లో వాళ్ల ప్రశ్నను అందరూ తప్పించుకుంటున్నారు, నేను మొదలుపెడతాను. ఇక్కడ అమెరికాలో సముద్రం అడుగు నుంచి కోర్లు తీసే జోయిడెస్ రిజల్యూషన్ ఓడ 2024తో ఆగిపోయింది. కొత్త కోర్లు తగ్గుతాయి, అల్మరాల్లో ఉన్న పాత కోర్ల విలువ పెరుగుతుంది. ఐఓడీపీ కోర్లు మూడు చోట్ల భద్రపరిచారు: జర్మనీలోని బ్రెమెన్, అమెరికాలోని కాలేజ్ స్టేషన్, జపాన్‌లోని కోచి. హిందూ మహాసముద్రపువి ఎక్కువగా కోచిలోనే ఉన్నాయి. (మా అమ్మ కేరళ కొచ్చి అనుకుని "వచ్చేటప్పుడు ఇంటికి రా" అంది.) పాత కోర్ నుంచి కొత్త ప్రశ్న లాగగలిగినవాళ్లకు పని ఉంటుంది. ఇక్కడి నిధులు మాత్రం ఈ మధ్య ఎవరి చేతుల్లోనూ లేనట్టున్నాయి. యూరప్ వైపు తలుపు తెరుచుకుంటే ముందు అటే వెళ్లమంటాను.

తూకంరాయి | గురువారం, రాత్రి 9:00

మన దేశం సంగతి. 2023 సవరణ తర్వాత ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కు నెలకు 58,000 నుంచి 67,000, దాని మీద ఇంటి అద్దె భత్యం. అది ఎన్నాళ్లో ప్రాజెక్టును బట్టి. శాశ్వత ఉద్యోగాలు గోవాలోని ఎన్ఐఓ, ఎన్‌సీపీఓఆర్, అహ్మదాబాద్ పీఆర్ఎల్, హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ, ఐఐఎస్ఈఆర్‌ల లాంటి ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో, విశ్వవిద్యాలయాల్లో. ఖాళీలు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు, వచ్చినప్పుడు వయోపరిమితి దాటకుండా ఉండాలి. బయట చేసి వచ్చేవాళ్లకు రామానుజన్ ఫెలోషిప్ లాంటివి ఒక వంతెన. తీపి మాటలు చెప్పలేను. నాతో పాటు పోస్ట్‌డాక్ చేసిన ఐదుగురిలో ఇద్దరమే ఈ రంగంలో ఉన్నాం. మిగతావాళ్లలో ఒకరు డేటా కంపెనీలో, ఒకరు నీటి నాణ్యత ప్రయోగశాలలో, ఒకరు బడిలో. ముగ్గురూ నాకన్నా బాగా నిద్రపోతున్నారు.

ఉత్తరసముద్రం | శుక్రవారం, అర్ధరాత్రి 12:30

డబ్బు సంగతి నేను చెబుతాను. ఇక్కడ జీతానికి బేరం ఉండదు, టీవీ-ఎల్ 13 అనే పట్టిక ఉంటుంది. అందులో ఏ మెట్టు మీద పెడతారన్నది పాత అనుభవాన్ని బట్టి. ఒప్పందం మీద సంతకం చేయక ముందే అడగాలి, తర్వాత అడిగితే వినరు. మీ ఫెలోషిప్ కాలపు ధ్రువపత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నేను ఆ పని చేయక ఒక మెట్టు కింద మొదలుపెట్టాను. ఒంటరి మనిషికి పన్నులు, బీమా పోను చేతికొచ్చేది చెప్పిన జీతంలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అయినా బతకడానికి ఇబ్బంది లేదు.

ఇంకో సూక్ష్మం. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు, వెళ్లే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు. మీరు ఈ ఉద్యోగంలో చేరి ఏడాది దాటితే జర్మనీకి ఆ తలుపు మూసుకుపోతుంది, నార్వేకో బ్రిటన్‌కో తెరిచే ఉంటుంది. జర్మనీ ఇచ్చే హంబోల్ట్ ఫెలోషిప్ అయితే పీహెచ్‌డీ తర్వాత నాలుగేళ్లలోపు. ఈ లెక్కలు చేరక ముందే వేసుకోండి.

పొరలుపొరలు | ఆదివారం, రాత్రి 8:15

ఉత్తరంలో మొదటి పేరా ఇలా రాశాను, కొట్టివేతలకు సిద్ధం:

"గోదావరి ముందున్న తీరపు అంచు పైపొర మట్టిలో టైటానియం–అల్యూమినియం నిష్పత్తిని నేను 41 చోట్ల కొలిచాను. ఈనాటి నది ఏ రాతి మట్టిని ఎక్కడ వేస్తోందో దానితో తెలుస్తుంది. మీ కోర్‌లో నియోడిమియం మార్పును చదవడానికి ఈనాటి కొలబద్ద కావాలి. మట్టి మారి, గుల్లల బేరియం మారని పొరలు దొరికితే, వాటిని వానకు కాక నేల వాడకానికి ఆపాదించవచ్చునా అన్నది నేను పరీక్షించాలనుకుంటున్న ప్రశ్న. ఐసోటోపు కొలత నాకు కొత్త. తడి రసాయనం, ఖాళీ నమూనాలతో శుభ్రత సరిచూడడం నాకు అలవాటే."

తూకంరాయి | ఆదివారం, రాత్రి 8:50

"ఆపాదించవచ్చునా" బాగుంది, అలాగే ఉంచండి. ఒక్క లోపం: ఈనాటి గోదావరి మీద ధవళేశ్వరం నుంచి ఎగువ దాకా ఆనకట్టలే. మట్టి చాలావరకు వాటి వెనకే ఆగుతోంది. మీ కొలబద్ద ఆనకట్టల తర్వాతి నదిదా, ముందటిదా? వాళ్లు అడిగేలోపు మీరే చెప్పండి.

పొరలుపొరలు | 19 రోజుల తర్వాత, సాయంత్రం 5:10

ఇంటర్వ్యూ ఇవాళ అయింది, నలభై నిమిషాలు. ఆనకట్టల ప్రశ్న నిజంగానే అడిగారు. నా పైపొర నమూనాల్లో కొన్ని లోతైన చోట్లవి, అక్కడ 2 సెంటీమీటర్లలోనే ఆనకట్టలకు ముందటి మట్టి కూడా కలిసి ఉండవచ్చు, ఇటీవలి మట్టి వయసు చెప్పే లెడ్-210 (రేడియోధార్మిక సీసం)తో తేల్చాలి అన్నాను. ప్రొఫెసర్ రాసుకున్నారు. గోదావరి కోర్ పైకొస పోయిందని, మల్టీకోర్ లేదని ఆవిడే ఒప్పుకున్నారు. దాని కోసం వచ్చే ఏడాది ఐదు వారాల సముద్రయానం ఉందట. ఓడ ఎక్కగలరా అని చివరి ప్రశ్న. ఎక్కుతాను అన్నాను. చేపల పడవ తప్ప ఏదీ ఎక్కలేదని చెప్పలేదు. ఫలితం రెండు వారాల్లో.

లాసన్స్‌బే తాతయ్య | అదే రోజు, సాయంత్రం 5:25

మొదటి మూడు రోజులూ వాంతులు తప్పవు, ఎవరికీ తప్పలేదు. ఖాళీ కడుపుతో ఉండకు, మరమరాలు దగ్గర పెట్టుకో. ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడుగు, ఊపు తక్కువ. ఎండబెట్టిన అల్లం ముక్కలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లు, అక్కడ దొరికేది చక్కెర పూసింది.